పాల్ బ్రాండ్: మొద్దుబారిన చేతులను మళ్లీ పనిలో పెట్టిన సర్జన్

పాలమూరు పల్లెల్లో, నల్గొండ తండాల్లో ఆస్తి ఎంత అని అడిగితే రెండు చేతులు చూపించేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే. బొంబాయి, పూణె కాంక్రీట్ పనులకు వలస పోయే మనిషికైనా, నారాయణపేట, గద్వాల మగ్గం మీద కూర్చునే మనిషికైనా, బీడీలు చుట్టే ఇంట్లో ఆడవాళ్లకైనా వేళ్లు వంగితేనే కూలి, వంగకపోతే లేదు. ఆ చేతిని బాగు చేయడమే వృత్తిగా పెట్టుకున్న డాక్టర్లను హ్యాండ్ సర్జన్లు అంటారు. మన దగ్గర ఈ మాట వినబడేది తక్కువ. ప్లాస్టిక్ సర్జన్ అనగానే సినిమావాళ్ల ముక్కు, చర్మం తెల్లబడటం గుర్తొస్తాయి. కాలిన చర్మం, తెగిన వేళ్లు, చీలిన పెదవి, చచ్చుపడ్డ చేయి కూడా వాళ్ల పనే. ఆ పేరులోని ప్లాస్టిక్‌కు మన బకెట్ ప్లాస్టిక్‌తో సంబంధం లేదు. మలచడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది.

ఈ విద్య మన దేశానికి కొత్తదేమీ కాదు. నుదుటి చర్మంతో ముక్కు కట్టిన సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధంలో ఇంగ్లిష్ సైన్యానికి బండి తోలిన కావస్జీ అనే ఆయనకు మన నాటు వైద్యుడే ఆ పని చేశాడు. ఉర్దూలో సర్జన్‌కు ‘జర్రాహ్’ అని ఎప్పటినుంచో పేరుంది. కార్డోబాకు చెందిన అల్ జహ్రావీ వెయ్యేళ్ల కింద 30 భాగాల వైద్య గ్రంథం రాసి, అందులో సర్జరీ పనిముట్ల బొమ్మలు కూడా వేసి చూపించాడు. అయితే కుష్ఠు వ్యాధితో వంకరపోయిన చేతిని ఆపరేషన్‌తో తిరిగి పనిలో పెట్టవచ్చని చేసి చూపించిన పేరు మాత్రం డాక్టర్ పాల్ విల్సన్ బ్రాండ్‌ది. ఆయన పని చేసింది మనవాళ్లు రాయవేలూరు అని పిలుచుకునే వెల్లూరులో, చిత్తూరు జిల్లా పొలిమేరకు కాస్త అవతల.

మేస్త్రీ పని నేర్చుకున్న డాక్టర్

బ్రాండ్ 1914 జూలై 17న తమిళనాడులోని కొల్లిమలైలో పుట్టాడు. తల్లిదండ్రులు జెస్సీ, ఎవలిన్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు. ఆ కొండల మీద మందులిస్తూ, ఇళ్లు కడుతూ బతికారు. కొడుకును తొమ్మిదేళ్ల వయసులో చదువుకు ఇంగ్లండ్ పంపించారు. 1929లో తండ్రి కొండ మీదనే జ్వరంతో చనిపోయాడు. తల్లి మాత్రం ఆ కొండలను వదల్లేదు. 1974లో, 95 ఏళ్ల వయసులో ఆమె చనిపోయింది.

కుర్రవాడిగా బ్రాండ్‌కు డాక్టర్ చదువు మీద మనసు లేదు. చీము, రక్తం చూస్తే అసహ్యం. తండ్రిలాగే ఇళ్లు కట్టాలని వడ్రంగం, తాపీ పని కొన్నేళ్లు కూలీల పక్కన నిలబడి నేర్చుకున్నాడు. తర్వాత మనసు మార్చుకొని లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్‌లో మెడిసిన్ చదివాడు. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. లండన్ మీద బాంబులు పడుతున్నాయి. నలిగిన చేతులు, కాళ్లతో వచ్చిన జనం మధ్యనే ఆయన సర్జరీ నేర్చాడు. 1943లో తోటి డాక్టర్ మార్గరెట్‌ను పెళ్లి చేసుకున్నాడు. తర్వాతి కాలంలో ఆమె కుష్ఠు రోగుల కళ్లకు ఆపరేషన్లు చేసే డాక్టర్‌గా పేరు తెచ్చుకుంది.

1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో సర్జరీ పాఠాలు చెప్పడానికి వచ్చాడు. వడ్రంగం నేర్చిన రోజులు వృథా అయ్యాయని అప్పటిదాకా ఆయన అనుకునేవాడు. మద్రాసు దగ్గరి చెంగల్పట్టుకు పోయి వచ్చాక ఆ మాట మానేశాడు.

చెంగల్పట్టులో ఒక కరచాలనం

చెంగల్పట్టులో పెద్ద కుష్ఠు ఆస్పత్రి ఉండేది. దాన్ని నడిపే డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ 1947లో బ్రాండ్‌ను పిలిచి వార్డులన్నీ తిప్పి చూపించాడు. ఎటు చూసినా గద్ద గోళ్లలా ముడుచుకుపోయిన వేళ్లు, పొట్టిబడ్డ చేతులు. ఇవి ఎందుకిలా అవుతున్నాయి, ఆపరేషన్ ఎవరైనా చేశారా అని బ్రాండ్ అడిగాడు. లక్షల మంది రోగులున్నా, ఎముకల డాక్టరెవరూ ఇటు తొంగి చూడలేదని కాక్రేన్ జవాబు.

అక్కడే ఒక రోగి చేతిలో చెయ్యి పెట్టి గట్టిగా పట్టుకోమన్నాడు బ్రాండ్. ముడుచుకున్న చేయి కదా, బలం ఉండదనుకున్నాడు. ఆ మనిషి పట్టుకున్న పట్టుకు నొప్పి పుట్టి చెయ్యి లాక్కోవాల్సి వచ్చింది. అంటే కండలన్నీ చావలేదు. కొన్ని చచ్చుబడ్డాయి, కొన్ని మంచి బలంగా ఉన్నాయి.

దీని వెనుక కారణం ఆ తర్వాత తేలింది. కుష్ఠు సూక్ష్మజీవి (1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ కనిపెట్టింది ఇదే) ఒంట్లో చల్లగా ఉండే చోటును కోరుకుంటుంది. మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర చర్మానికి ఆనుకొని పోయే నాడులు దానికి దొరుకుతాయి. లోతుగా, కండల మధ్య వెచ్చగా ఉండే భాగం చాలావరకు తప్పించుకుంటుంది. అందుకే అరచేతిలోని చిన్న కండలు చచ్చుబడి వేళ్లు ముడుచుకుంటాయి, ముంజేతి కండలు మాత్రం మామూలుగానే ఉంటాయి.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. రక్తం పోయే గొట్టాన్నీ నరమే అంటాం, స్పర్శ మోసే నాడినీ నరమే అంటాం, కండను ఎముకకు కట్టే తెల్లటి తాడునూ నరమే అంటాం. ఉర్దూలో ‘నస్ కట్ గయీ’ అన్నా ఇదే తికమక. ఈ మూడూ వేర్వేరు, కుట్టే పద్ధతీ వేరు. ఆ తెల్లటి తాడును డాక్టర్లు టెండాన్ అంటారు. బ్రాండ్ పనంతా ఈ టెండాన్ల మీదనే నడిచింది.

ఒక ఎద్దును పక్క కమతానికి తోలినట్టు

మన వేలిని వంచడానికి రెండు టెండాన్లుంటాయి. ఒకటి వేలి కొన దాకా పోతుంది, ఇంకొకటి మధ్య కణుపు దగ్గర ఆగుతుంది. రెండు ఎద్దులున్న ఇంటి నుంచి ఒకదాన్ని పక్క కమతానికి తోలినట్టు, ఇందులో ఒక టెండాన్‌ను విడదీసి, దారి మార్చి, చచ్చుబడ్డ చిన్న కండ చేయాల్సిన పనికి కట్టవచ్చు. పోలియోతో చచ్చుబడ్డ చేతులకు ఇలాంటి మార్పిడి అంతకు ముందే ఉంది. కుష్ఠు చేతికి చేస్తే గాయం మానదు, ఆ మాంసం చెడ్డది అని నమ్మకం ఉండేది. 1948లో వెల్లూరులో బ్రాండ్ మొదలుపెట్టిన ఆపరేషన్లు ఆ నమ్మకాన్ని చెరిపేశాయి. కుష్ఠు చేతి మాంసం మామూలు మాంసంలాగే మానింది. ఆ తర్వాత ఆయన మణికట్టు వెనుక టెండాన్‌ను వాడుకొని, కాలి నుంచి తీసిన టెండాన్ ముక్కను నాలుగు పాయలుగా చీల్చి నాలుగు వేళ్లకూ అతికే తన సొంత పద్ధతి తయారుచేశాడు. చేతి సర్జరీ పుస్తకాల్లో అది ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

ఆపరేషన్ బల్ల దగ్గర ఆయనకు అక్కరకొచ్చింది పాత మేస్త్రీ లెక్కే. దూలం ఎంత బరువు మోస్తుంది, తాడు ఏ కోణంలో లాగితే కప్పీ సాఫీగా తిరుగుతుంది అన్న లెక్క. టెండాన్ బిగువు ఎక్కువైతే వేలు వంగదు, తక్కువైతే లేవదు. ఈ లెక్కలన్నీ కలిపి 1985లో చేతి యంత్రశాస్త్రం మీద డాక్టర్ల కోసం పుస్తకం రాశాడు. 1952లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఆయన్ను హంటేరియన్ ప్రొఫెసర్‌గా పిలిచి ఉపన్యాసం ఇప్పించింది.

ఆపరేషన్ అయిపోగానే పని అయిపోదు. మూడు, నాలుగు వారాలు పిండికట్టు. తర్వాత వారాల తరబడి వ్యాయామం. నిన్నటిదాకా వేలు వంచిన టెండాన్ ఇవాళ వేలు చాపాలి. ఆ సంగతి మెదడు కొత్తగా నేర్చుకోవాలి. వ్యాయామం మానేసి ఇంటికి పోయిన చెయ్యి మళ్లీ బిగుసుకుంటుంది. కూలికి పోకపోతే పూట గడవని మనిషి అన్ని వారాలు ఎట్లా ఆగుతాడు? అందుకే ఇప్పుడు కుష్ఠు వైకల్యానికి ఆపరేషన్ చేయించుకున్న రోగికి కేంద్ర ప్రభుత్వ పథకం కింద కొంత డబ్బు ఇస్తున్నారు. మొదట రూ.8,000 ఉండేది, తర్వాత రూ.12,000 చేశారు. ఈ సంగతి తెలియక ఆగిపోయినవాళ్లు ఉంటారు కాబట్టి రాస్తున్నాం.

తుప్పు తాళం, ఎలుకలు, పిల్లులు

ఆపరేషన్లకన్నా పెద్దది బ్రాండ్ కనిపెట్టిన ఇంకో సంగతి. కుష్ఠు వస్తే వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని లోకం నమ్మేది. డాక్టర్లూ అంతే. ఒకరోజు స్టోర్ రూమ్ తాళం తుప్పు పట్టి తిరగలేదు. పక్కనున్న రోగి, చిన్న పిల్లవాడు, తాళంచెవి అందుకొని ఒక్క తిప్పు తిప్పి తెరిచేశాడు. ఇంత బలం ఎట్లా వచ్చిందని చెయ్యి చూస్తే వేలు ఎముక దాకా తెగి రక్తం కారుతోంది. పిల్లవాడికి తెలియనే లేదు. మనకైతే నొప్పి ముందే ఆపేస్తుంది. వాడికి ఆపేవాళ్లు లేరు.

అప్పటి నుంచి బ్రాండ్, ఆయన మనుషులు ప్రతి గాయం వెంట పడ్డారు. ఇది ఎక్కడ తగిలింది, ఎప్పుడు తగిలింది, ఏం పట్టుకున్నావు అని ఆరా తీశారు. సుత్తి పిడి, వేడి గిన్నె, పొయ్యిలో కట్టె, ఇలా ఒక్కో గాయానికీ ఒక్కో కారణం దొరికింది. కొందరికి మాత్రం రాత్రి పడుకున్నప్పుడున్న వేలి ముక్క తెల్లారేసరికి ఉండేది కాదు. ఎంత వెతికినా జాడ లేదు. చివరికి రాత్రంతా కాపలా కాస్తే తేలింది, ఎలుకలు. నొప్పి లేదు కాబట్టి నిద్ర లేవలేదు. ఆ తర్వాత ఆస్పత్రి నుంచి ఇంటికి పోయే రోగి వెంట ఒక పిల్లిని కూడా పంపించడం మొదలుపెట్టారు.

వేళ్లను తినేది రోగం కాదు, నొప్పి తెలియని వాడకం అని తేలాక వైద్యం దారే మారింది. పిడికి గుడ్డ చుట్టడం, రోజూ అరచేయి కళ్లతో చూసుకోవడం, నీళ్లలో నానబెట్టి నూనె రాయడం, మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకోవడం. ఖర్చు లేని పనులు. వెల్లూరు దగ్గరే 1955లో మొదలైన కరిగిరి కుష్ఠు పరిశోధన ఆస్పత్రి ఈ రబ్బరు చెప్పులకు, చేతి ఆపరేషన్ల శిక్షణకు పేరుపొందింది.

ఈ చేతులతో ఎవరు భిక్షం వేస్తారు?

బాగైన చేతులతో ఊరికి పోయిన రోగులు కొందరు తిరిగి వచ్చారు. వాళ్ల ఫిర్యాదు బ్రాండ్ ఊహించనిది. చేతులు వంకరగా ఉన్నప్పుడు జనం జాలిపడి పైసలు వేసేవాళ్లు, ఇప్పుడు వేయడం లేదు. మచ్చ చూసి పని మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు. మీరు చేసినవి మంచి చేతులే గాని అడుక్కోవడానికి పనికిరాని చేతులు అన్నట్టు చెప్పుకున్నారు.

బ్రాండ్ దానికి సర్జరీలో జవాబు వెతకలేదు. 1951లో ఆస్పత్రి ఆవరణలో నవజీవ నిలయం పేరుతో చిన్న ఊరులాంటిది పెట్టి, తన వడ్రంగం మళ్లీ బయటికి తీశాడు. చెక్క బొమ్మలు చేయడం నేర్పించాడు. కొత్త చేతితో ఏ పనిముట్టు ఎట్లా పట్టుకోవాలో పక్కన కూర్చొని చూపించాడు. వేలు వంగడం ఒక ఎత్తు, ఆ వేలితో పని దొరకడం ఇంకో ఎత్తు.

మన దగ్గరా ఇదే కాలంలో ఒక పని జరిగింది. వనపర్తి సంస్థానం కోడలు రాణి కుముదినీ దేవి 1958లో హైదరాబాద్ కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం స్థాపించారు. తర్వాత ఆమె హైదరాబాద్ మేయర్, వనపర్తి ఎమ్మెల్యే కూడా అయ్యారు. దారిలో తిరిగే కుష్ఠు రోగులకు నీడ ఇవ్వడంతో మొదలైన ఆ చోటు తర్వాత చేతి, కాలి ఆపరేషన్లు చేసే ఆస్పత్రిగా ఎదిగింది. అంతకుముందు నిజాం కాలంలోనే, 1915లో, డాక్టర్ ఇసాబెల్ కెర్ నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు ఆస్పత్రి తెరిచారు. రాజా నర్సాగౌడ్ విరాళం దానికి ఆసరా. బ్రాండ్ పేరు తెలిసినంతగా ఈ ఇద్దరు ఆడవాళ్ల పేర్లు బయట తెలియకపోవడం బాధే.

నొప్పిని మెచ్చుకున్న మనిషి

1966లో బ్రాండ్ కుటుంబం అమెరికా పోయింది. లూసియానాలోని కార్విల్ కుష్ఠు ఆస్పత్రిలో 20 ఏళ్లు పని చేశాడు. అక్కడ ఆయన ఇష్టం నొప్పి మీదికి మళ్లింది. స్పర్శ లేని చేతికి యంత్రంతో కృత్రిమ నొప్పి ఇచ్చే గ్లౌజు తయారుచేయాలని తన బృందంతో ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు. కుదరలేదు. హెచ్చరిక బజర్‌లా మోగితే రోగులు లెక్కచేయలేదు, కరెంటు షాక్ ఇస్తే స్విచ్ ఆపేసి పని కానిచ్చారు. మన ఒంట్లో నొప్పికి స్విచ్ మన చేతిలో లేకపోవడమే మేలు అని ఆయన తేల్చుకున్నాడు. ఫిలిప్ యాన్సీతో కలిసి 1993లో నొప్పి మీద ఒక పుస్తకమే రాశాడు.

కార్విల్‌లో ఉండగా ఆయనకు ఇంకో పోలిక కనిపించింది. షుగర్ రోగుల పాదాల పుండ్లు అచ్చం కుష్ఠు రోగుల పుండ్లలాగే ఉన్నాయి. అక్కడా కారణం అదే, స్పర్శ పోయిన కాలు. ఇండియాలో కుష్ఠు పాదాలకు వేసిన, కాలు మొత్తానికీ అతికినట్టుండే పిండికట్టును అమెరికా షుగర్ రోగులకు వేయించాడు. మానవనుకున్న పుండ్లు మానాయి. షుగర్ లేని ఇల్లు కనబడని ఈ రోజుల్లో ఆయన పనిలో మనకు ఎక్కువ అక్కరకొచ్చేది బహుశా ఇదే. చెప్పులో గులకరాయి ఉన్నా తెలియని షుగర్ మనిషి రోజూ రాత్రి పాదం అడుగు చూసుకోవాలి. కళ్లు కనబడకపోతే మనవడో మనవరాలో చూడాలి.

1960లో లాస్కర్ అవార్డు, 1961లో బ్రిటిష్ ప్రభుత్వ సత్కారం సీబీఈ వచ్చాయి. 2003 జూలై 8న చనిపోయాడు.

ఇప్పుడు మన జిల్లాల్లో

1982 నుంచి మూడు మందులు కలిపి ఇచ్చే ఎండీటీ వచ్చింది. ఆరు నెలలో ఏడాదో వాడితే కుష్ఠు నయమవుతుంది. సర్కారు దవాఖానాలో మందు ఉచితం. 2005 చివరికల్లా దేశంలో రోగుల సంఖ్య పదివేల మందికి ఒకరికన్నా తగ్గిందని ప్రకటించారు. తగ్గిందే గాని పోలేదు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి మచ్చలున్నాయా అని అడిగితే దాచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పల్లెలో ‘పెద్దరోగం’ అని గుసగుస, ఉర్దూ ఇళ్లలో ‘జుజామ్’ అని ఇంకా చిన్న గుసగుస. పెళ్లి సంబంధాల భయం ఒకటి. ఆ భయానికి చట్టం కూడా చాలాకాలం తోడుగా నిలిచింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంతో పాటు మొత్తం ఐదు చట్టాల నుంచి 2019లో తీసేశారు.

దాచుకుంటే పోయేది సమయం. చర్మం మీద స్పర్శ లేని మచ్చ, మోచేతి దగ్గర నొప్పి, చిటికెనవేలు మొద్దుబారడం, లుంగీ ముడి వేసేటప్పుడు వేళ్లు సహకరించకపోవడం, ఇవి మొదటి గుర్తులు. నాడి దెబ్బతిన్న ఆరు నెలల్లోపు డాక్టర్ దగ్గరికి పోతే మందులతోనే తిరిగి వచ్చే అవకాశం బాగుంటుంది. అది దాటితే బ్రాండ్ దారే, ఆపరేషన్. అదీ ఎండీటీ పూర్తయి, చెయ్యి కనీసం ఆరు నెలలు ఒకే తీరుగా ఉండి, కీళ్లు మెత్తగా కదులుతుంటేనే చేస్తారు. బిగుసుకుపోయాక తెస్తే సర్జన్‌కు మిగిలేది తక్కువ.

చేయి పోవడానికి మన దగ్గర కుష్ఠుకన్నా పెద్ద కారణాలు వేరే ఉన్నాయి. నూర్పిడి మిషన్, చాఫ్ కట్టర్, చెరకు రసం మిషన్, మంటలు. ఇంకోటి, చెప్పుకోవడానికి మొహమాటపడేది, బిగుతు కట్టు. పిల్లవాడు చెట్టు మీద నుంచి పడగానే పహిల్వాన్ దగ్గరికో పసరు కట్టు వేసే ఆయన దగ్గరికో తీసుకుపోతాం. వాళ్లలో చేయి తిరిగినవాళ్లు లేరని కాదు. కానీ వెదురు బద్దలతో బిగించిన కట్టు కింద చెయ్యి వాస్తే రక్తం ఆగిపోతుంది, కొద్ది గంటల్లోనే కండ చావడం మొదలవుతుంది. ఆ తర్వాత మణికట్టు, వేళ్లు జీవితాంతం ముడుచుకుపోతాయి. జర్మన్ సర్జన్ ఫోక్‌మన్ 1881లోనే దీన్ని రాసిపెట్టాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. కట్టు వేశాక పిల్లవాడు ఆగకుండా ఏడుస్తున్నా, వేళ్లు చాపితే కేక పెడుతున్నా, గోళ్లు పాలిపోయినా, తెల్లారనివ్వకుండా కట్టు విప్పించి ఆస్పత్రికి పోవాలి. అది పిండికట్టు అయినా, పెద్ద ఆస్పత్రిలో వేసిందైనా మాట ఇదే.

ఆస్పత్రుల సంగతి మునుపటిలా లేదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్‌లో కుటుంబానికి పరిమితి రూ.10 లక్షలకు పెరిగింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అయినా తెగిన వేలిని మైక్రోస్కోప్ కింద వెంట్రుకకన్నా సన్నటి దారంతో కుట్టే పనికి హైదరాబాద్ పోవాల్సిందే అనుకోండి. ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్లు ఎంఎస్, ఇంకో మూడేళ్లు ఎంసీహెచ్, ఆపైన చేతి సర్జరీలో ప్రత్యేక శిక్షణ. అంత చదివినవాళ్లు జిల్లాకు రావడం అరుదు. మహబూబ్‌నగర్ నుంచైనా, నల్గొండ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. ఆ 100 కిలోమీటర్లూ వేలిని ఎట్లా తీసుకుపోతామన్నది మన చేతుల్లో ఉంది.

వేలు తెగిపడితే మొదట మనిషిని చూడండి. గాయం మీద శుభ్రమైన గుడ్డ ఒత్తిపట్టి చెయ్యి పైకెత్తి ఉంచండి. పసుపు, సున్నం, కాఫీ పొడి వేయొద్దు. తెగిన ముక్కను తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి గట్టిగా కట్టండి. ఆ కవర్‌ను ఐసు, నీళ్లు కలిపిన ఇంకో కవర్లో పెట్టండి. ముక్కకు ఐసు నేరుగా తగిలితే మాంసం గడ్డకట్టి చెడుతుంది, నీళ్లలో నేరుగా వేస్తే నానిపోతుంది. తోలు పట్టుకొని వేలాడుతున్న వేలిని తెంపొద్దు, అట్లాగే గుడ్డతో ఆనించి తీసుకుపోండి. వేలిలో కండ ఉండదు కాబట్టి చల్లగా ఉంచితే 12 గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆగుతుంది. మణికట్టు పైన తెగితే కండ ఉంటుంది, ఆరు గంటల్లోపు బల్ల మీదికి చేరాలి. బయలుదేరే ముందే ఆ ఆస్పత్రిలో చేతి సర్జన్ ఉన్నాడా అని ఫోన్ చేయండి. కవర్ మీద మనిషి పేరు, వేలు తెగిన టైమ్ రాసిపెట్టండి.